రంగు కింద రెండు చుక్కలు

డబ్బాలోంచి తీస్తే నిగనిగలాడిపోతున్నాయి. నల్లటి నలుపు, నడుం చుట్టూ ఎర్ర గీత, మీద కంపెనీ స్టిక్కరు కూడా వంకర లేకుండా అతికించి ఉంది. సోమవారం పొద్దున షెడ్డు షట్టరు ఎత్తిన పది నిమిషాలకే బాబాయి ఆ రెండు షాక్‌అబ్జార్బర్లనీ తెచ్చి స్ప్రింగక్క బల్ల మీద పెట్టాడు. "టైలరమ్మ బండికి. వెనకవి. గ్యాస్‌వి. పదింటికల్లా అయిపోవాలి," అని చెప్పేసి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని అటే వెళ్ళిపోయాడు.

బాబాయి అంటే ఆ షెడ్డులో అందరికీ ఓనరు, స్ప్రింగక్కకి మాత్రం నిజంగానే నాన్న తమ్ముడు. పానా పట్టుకోవడం దగ్గర్నుంచి ఆయనే నేర్పాడు. కారు కింద ఏది టకటకలాడినా, ఏది కీచుమన్నా ముందు ఆమెనే పిలుస్తారు కాబట్టి ఆ పేరు పడింది. అక్కకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే అంటారు.

టైలరమ్మ చిన్న కారు అప్పటికే వచ్చి నిలబడి ఉంది. వెనక సీట్లో ఆవిడ భర్త, వీపు వెనక రెండు దిండ్లు, ఒళ్ళో ఎక్స్‌రే కవరు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఈ మధ్యే వెన్నుకి ఆపరేషనైంది, వారానికి మూడుసార్లు ఆస్పత్రికి వెళ్ళి వ్యాయామం చేయించుకోవాలి. ఆ దారంతా గతుకులు. గతుకు దాటాక కూడా కారు వెనకభాగం నాలుగైదుసార్లు ఊగుతోందట. ఊగినప్పుడల్లా ఈయన ప్రాణం పోతోందట.

"కంపెనీవాడు మీ బండికి వేసింది ఆయిల్ షాకమ్మా," బాబాయి ఫోను జేబులో పెట్టి మొదలుపెట్టాడు. ఈ పాఠం ఆయనకి నిద్రలో లేపినా వచ్చు. "గతుకుల్లో పడి కొట్టుకుని కొట్టుకుని లోపలి ఆయిల్ నురగ కట్టేస్తుంది, గిలక్కొట్టిన సోడాలాగ. నురగని తొక్కితే బలమెక్కణ్ణుంచి వస్తుంది? అందుకే ఉయ్యాల. గ్యాస్‌దైతే లోపల గ్యాసు నొక్కి పట్టి ఉంచుతుంది, నురగ రాదు. ఒక్కసారి దిగుతుంది, ఒక్కసారి లేస్తుంది, గమ్మునుంటుంది."

"నాకు సోడా తెలీదు, గ్యాసూ తెలీదు," అంది టైలరమ్మ. మెడలో టేపు అలాగే ఉంది, తీసి రావడం మర్చిపోయినట్టుంది. "మా ఆయన కెవ్వుమనకుండా ఆస్పత్రికి చేరాలి. అంతే."

వెనక సీట్లోంచి ఆయన అందుకున్నాడు. "నేను కెవ్వుమనను. అబ్బా అంటాను. మర్యాదస్తుణ్ణి."

స్ప్రింగక్క నవ్వుకుంటూ చేతులకి గ్లవ్స్ తొడుక్కుని కారు వెనక జాకీ పెట్టింది. పాతవి రెండూ ఊడదీసింది. నిజంగానే చచ్చిపోయాయి, రాడ్డు లాగితే మధ్యలో ఏమీ అడ్డు లేకుండా వచ్చేస్తోంది. పక్కన పెట్టే ముందు అలవాటు ప్రకారం, కింద బోల్టు దూరే కన్నం పక్కనే, సెంటర్ పంచ్ అనే మొనదేలిన చిన్న ఉలి పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేసింది. రెండు చుక్కలు. తను తీసిన ప్రతి చచ్చిన షాకుకీ ఆమె అలా రెండు చుక్కలు పెడుతుంది, షెడ్డులో ఎవరూ పొరపాటున తీసి ఇంకో బండికి బిగించకుండా. ఆ పంచ్ కూడా బాబాయి కొనిచ్చిందే.

తర్వాత కొత్తదాన్ని నిలబెట్టి, రాడ్డుని అరచేత్తో లోపలికి నొక్కింది. ఎప్పుడూ బిగించే ముందు నాలుగైదుసార్లు నొక్కి లాగుతుంది, లోపల గాలి ఉంటే పోతుందని. రాడ్డు లోపలికి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

ఆమె ఒక్క క్షణం చూసింది. గ్యాస్‌దాన్ని నొక్కి వదిలితే రాడ్డు దానంతటదే మెల్లగా పైకి లేవాలి, నిద్ర లేచిన పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్టు. ఇది లేవలేదు. పైగా గ్యాస్‌వి డబ్బాలో రాడ్డు నొక్కి పట్టీ కట్టి వస్తాయి. దీనికి పట్టీ లేదు.

"అయిందా అక్కా?" అవతల్నుంచి బాబాయి కేక. పనిలో ఉంటే ఆయన కూడా అక్కా అనే అంటాడు.

"ఆఁ, అవుతోంది!"

డబ్బాలో ఎక్కువ రోజులుండి గ్యాసు తగ్గిందేమోలే అనుకుంది. అనుకుని బిగించేసింది. కారు కిందికి దించి, బరువు చక్రాల మీద పడ్డాక కింది బోల్టుకి ఆఖరి తిప్పు తిప్పింది, ముందే బిగించేస్తే రబ్బరు బుష్ మెలిపడి పోతుంది మరి. బాబాయి వచ్చి డిక్కీ మీద రెండు చేతులూ వేసి బలంగా ఒక తోపు తోశాడు. కారు కొంచెం దిగి అక్కడికక్కడే ఆగిపోయింది.

"చూశారా? గమ్మునుంది!"

టైలరమ్మ మొహం వెలిగిపోయింది.

మంగళవారం మధ్యాహ్నానికే ఆ వెలుగు ఆరిపోయింది, కారు మళ్ళీ షెడ్డు ముందుకొచ్చి ఆగింది. టైలరమ్మ దిగుతూనే, "ఇది బండా, రోకలా? పొడిచేస్తోంది! చిన్న రాయెక్కినా వెన్నులో దిగుతోందట," అంది. వెనక సీట్లో ఆయన ఇవాళ జోకులేమీ వెయ్యలేదు. కిటికీ మీది హ్యాండిల్ని పట్టుకున్న చెయ్యి వదల్లేదు, పెదాల చుట్టూ తెల్లగా పాలిపోయి ఉంది.

స్ప్రింగక్క అట్టముక్క పరుచుకుని కారు కిందికి జారింది. ఈసారి గ్లవ్స్ లేవు. ఎడమవైపు షాకు సీలు దగ్గర తడిగా ఉంది. ఒక్క రోజుకే! వేలితో తుడిచి వాసన చూసింది. కుళ్ళిన గుడ్డు కంపు. షాకుల్లో పోసే ఆయిల్ నీళ్ళలా పల్చగా ఉంటుంది, ఈ కంపూ ఉండదు. ఇది గేరుబాక్సులో పోసే గేరాయిల్. చిక్కటి గేరాయిల్ పోస్తే ఎలాంటి చచ్చిన షాకైనా కొన్నాళ్ళు బిగుసుకుపోయి నిలబడుతుంది, కొత్తదానిలా.

వేస్టు గుడ్డతో కిందిదాకా తుడుచుకుంటూ వస్తే బోల్టు కన్నం పక్కన వేలికి ఏదో తగిలింది. రంగు కింద. చిన్న గుంట. దాని పక్కన ఇంకో గుంట.

రెండు చుక్కలు.

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. పైన బాబాయి గొంతు వినపడుతోంది, తేనె పూసినట్టు. "గ్యాస్ అంటే మొదట్లో గట్టిగానే ఉంటుందమ్మా. ఒక వారంలో అలవాటైపోతుంది."

"ఎవరికి అలవాటవుతుంది?" వెనక సీట్లోంచి నీరసంగా ఆ బస్సు డ్రైవరు. "దానికా, నా నడుముకా? నేను గ్యాస్ షాకుల బస్సు కూడా నడిపానయ్యా. ఇలా పొడవదు."

"బస్సు వేరు, ఇది వేరు సార్!" బాబాయి నవ్వేశాడు.

స్ప్రింగక్క బయటికి జారి లేచి నిలబడింది. టైలరమ్మ నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది. "మీరు చెప్పండమ్మా, బిగించింది మీరేగా. అంతా సరిగ్గానే ఉందా?"

టైలరమ్మ భుజం మీదుగా బాబాయి చూస్తున్నాడు. కళ్ళు పెద్దవి చెయ్యలేదు, బెదిరించలేదు, మామూలుగానే చూస్తున్నాడు. అదే ఇంకా రోతగా ఉంది.

"బోల్టులన్నీ గట్టిగానే ఉన్నాయండీ," అంది స్ప్రింగక్క.

అది నిజమే. అక్షరాలా నిజం. ఆ నిజం నోట్లోంచి బయటికొచ్చాక నాలుక మీద కుళ్ళిన గుడ్డు రుచి మిగిలింది.

బుధవారం ఆమె షెడ్డు వెనక రేకుల పందిరి కిందికి వెళ్ళింది. అక్కడ రంగులు వేసేవాడి రాజ్యం, కాబట్టి ఎవరూ బట్టలు పాడు చేసుకోవడం ఇష్టంలేక అటు వెళ్ళరు. అడ్డంగా కట్టిన తీగకి షాకులు వరసగా వేలాడుతున్నాయి. పద్నాలుగు. కొన్ని ఇంకా తుప్పుతో, కొన్ని ఉప్పు కాగితంతో గీకినవి, చివరి రెండూ తడి రంగుతో నిగనిగలాడుతూ. ప్రతిదాని పైభాగంలో కన్నం పెట్టి, ఆయిల్ పోసి, మళ్ళీ వెల్డింగు చేసి నున్నగా రుద్దిన చోటు. ప్రతిదాని కిందా రెండు చుక్కలు. ఆ తడి రంగువి సోమవారం టైలరమ్మ బండిలోంచి తను ఊడదీసినవే.

రంగులవాడు ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగాడు. "ఏంటక్కా, చచ్చినోళ్ళకి పౌడర్ రాస్తుంటే చూడ్డానికొచ్చావా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"నన్నడుగుతావేం? రంగు కొట్టమన్నారు, కొట్టాను. దేనికి అని నేనడగలేదు." తీగ మీది ఒకదాన్ని తిప్పి చూసి, "నీ చుక్కలు పూడ్చడానికి మాత్రం చచ్చేంత పనవుతోంది. కొంచెం మెల్లగా కొట్టకూడదూ?" అన్నాడు.

వాడు నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. తన చుక్కలు ఎవరినీ ఆపలేదు. ఏవి చచ్చినవో బాబాయి వెతుక్కోకుండా గుర్తుపట్టడానికి పనికొచ్చాయి, అంతే.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసింది. చేతులు సబ్బు పొడితో రుద్దింది, కిరసనాయిలుతో కడిగింది, అయినా వేళ్ళ సందుల్లో ఆ కంపు అలాగే ఉంది. ఎదురుగా బాబాయి హాయిగా తింటున్నాడు. ఆ నమలడం చూడలేక ఆమె డబ్బా పక్కకి జరిపింది.

"అవి నేను పారేయమన్న షాకులు బాబాయ్."

"ఊగడం ఆగిందా లేదా? వాళ్ళడిగింది అదే."

"ఆయన నడుము..."

"నడుము సంగతి డాక్టరు చూసుకుంటాడు. మనం బండి సంగతి చూసుకుంటాం." చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తీరిగ్గా తుడుచుకున్నాడు. "ఇంతకీ నీకీ పని నేర్పిందెవరే?"

"నువ్వే. అందుకే అసహ్యమేస్తోంది."

ఆయన ఆ మాట విననట్టే లేచి వెళ్ళిపోయాడు. గురువారం, శుక్రవారం ఇద్దరికీ మాటల్లేవు. బండి పేరు చెప్పడం, పని చెప్పడం, అంతే. గురువారం రాత్రి ఇంట్లో అన్నం పెడుతూ అమ్మ అంది, "ఏం తవ్వొస్తున్నావే, ఆ చేతులేంటి అంత కంపు?" ఆమె కంచం పక్కకి నెట్టేసింది. రేపు పొద్దున్నే టైలరమ్మకి చెప్పేస్తాను అనుకుంది. శుక్రవారం రాత్రి కూడా అదే అనుకుంది.

చెప్పాల్సిన అవసరం లేకుండా శనివారం టైలరమ్మే వచ్చింది. ఈసారి అరవలేదు. అదే భయం వేసింది స్ప్రింగక్కకి.

"ఇవి తీసెయ్యండి. నా పాతవి నాకు బిగించేయండి. ఉయ్యాలే నయం," అంది.

"పాతవి పారేశామమ్మా," అన్నాడు బాబాయి తడుముకోకుండా.

"నిన్న వ్యాయామం చేయించే అబ్బాయి ఈయన్ని ముట్టుకోనన్నాడు. ఇంత వాపుతో ఎలా చేయించను, ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నాడు. దారి పొడుగునా పొడిపించుకుంటూ వెళ్ళాం, పొడిపించుకుంటూ వచ్చాం." ఆవిడ టేపుని మెడచుట్టూ బిగించి పట్టుకుని మాట్లాడుతోంది. "మళ్ళీ నిలబడి నడుస్తాడో లేదో ఈ నెలలోనే తేలిపోతుందట. ఈ నెలంతా వ్యాయామం తప్పకూడదట."

ఎవరూ చెప్పకుండానే స్ప్రింగక్క జాకీ పెట్టింది. రెండూ ఊడదీసి, ఒకదాన్ని బల్లకి బిగించిన వైసు దవడల మధ్య నిలువుగా పెట్టింది. అందరూ చూస్తుండగా అరచేత్తో రాడ్డుని లోపలికి నొక్కి చెయ్యి తీసేసింది.

"గ్యాస్‌దైతే ఇది దానంతటదే పైకి లేవాలండీ," అంది టైలరమ్మతో.

బాబాయి మొహంలో రంగు మారింది, కాని గొంతు మారలేదు. "లేస్తుంది. పొద్దున చల్లగా ఉంది కదా, కాస్త టైమివ్వాలి."

టైమిచ్చారు. రంగులవాడు కూడా ముక్కు గుడ్డతో వచ్చి నిలబడ్డాడు. కారు తలుపు తెరిచి ఆ డ్రైవరు వంగి చూస్తున్నాడు. అందరూ ఒక ఇనప గొట్టం వైపు, ఆస్పత్రిలో మనిషి కళ్ళు తెరుస్తాడేమో అని చూసినట్టు చూస్తున్నారు. బల్ల మీద బాబాయి టీ మీద మీగడ కట్టింది. రాడ్డు లేవలేదు.

"ఇంకా చల్లగానే ఉందా?" డ్రైవరు అడిగాడు. "దుప్పటేమైనా కప్పాలంటారా?"

రంగులవాడు ఫక్కుమన్నాడు. టైలరమ్మ నవ్వలేదు. ఆవిడ ముందుకొచ్చి, కుట్టు సరిగ్గా పడిందో లేదో చూసినట్టు, చూపుడువేలుని షాకు పైనుంచి కిందిదాకా నడిపించింది. వెల్డింగు రుద్దిన చోట ఒకసారి ఆగింది. కింద ఇంకోసారి ఆగింది. గోరుతో రంగు గీకింది, పెచ్చు ఊడొచ్చింది.

"ఇవేంటి?"

"గుర్తులు. నేను పెట్టినవే," అంది స్ప్రింగక్క. "చచ్చిపోయినవాటికి పెడతాను, మళ్ళీ ఎవరూ వాడకుండా."

"అంటే మీకు తెలుసు."

"బిగించేటప్పుడు తెలీదండీ."

"మరెప్పుడు తెలిసింది?"

"మంగళవారం."

టైలరమ్మ తలాడించింది, లెక్క సరిపోయినట్టు. "ఇవాళ శనివారం," అంది.

అంతే అంది. బాబాయిని ఏమీ అనలేదు, ఆయన వైపు చూడనైనా చూడలేదు. ఆయన దగ్గర ఆవిడ ఎప్పుడూ పెద్దగా ఏమీ ఆశించలేదని స్ప్రింగక్కకి అప్పుడర్థమైంది. ఆశించింది తన దగ్గర.

స్ప్రింగక్క బాబాయి గదిలోకి వెళ్ళింది. బీరువా పై అరలో, తెలిసినవాళ్ళ కోసమని దాచిన డబ్బాల్లోంచి రెండు రకాలు తీసుకొచ్చింది. "ఎవర్నడిగి తీశావే?" అన్నాడు ఆయన. ఆమె సీళ్ళు చించి రెండు రకాల్నీ బల్లమీద నిలబెట్టింది. ఒకదాని పట్టీ కోయగానే రాడ్డు మెల్లగా పైకి లేచింది.

"ఇది నిజమైన గ్యాస్‌ది. ఇంకోటి ఆయిల్‌ది, మీ బండితో వచ్చిన రకమే. నొక్కి చూడండి."

టైలరమ్మ రెండింటినీ నొక్కింది, లాగింది, మళ్ళీ నొక్కింది. "ఇది లేవట్లేదు," అంది ఆయిల్‌దాన్ని చూపిస్తూ, అనుమానంగా.

"ఆయిల్‌ది లేవదండీ, దాని గుణమే అంత. తప్పు కాదు. లాగి చూడండి, మొదట్నుంచి చివరిదాకా ఒకే బిగువు, మధ్యలో ఖాళీ తగలదు. బండి బరువు మోసేది స్ప్రింగు. దాని ఊపు ఆపడం ఒక్కటే షాకు పని. వేగంగా వెళ్ళేవాళ్ళకి, రోజంతా గతుకుల్లో తిరిగేవాళ్ళకి గ్యాస్ మంచిది. మీ బండి తేలిక, మీరు నడిపేదీ మెల్లగా. మంచి గ్యాస్‌దైనా చిన్న రాయిని కాస్త గట్టిగానే చెప్తుంది. ఆయన నడుముకి ఆయిల్‌దే నయం."

"అంటే మొదట్నుంచీ నాకు గ్యాసే అక్కర్లేదు."

"అక్కర్లేదండీ."

"ఆయిల్‌దే బిగించండి. నేను ఇక్కడే నిలబడి చూస్తాను."

చూసింది. ప్రతి బోల్టూ, ప్రతి వాషరూ చూసింది. స్ప్రింగక్క పనిచేస్తుంటే ఇన్నాళ్ళలో ఎవరూ పక్కన నిలబడి చూడలేదు, అక్క చేతిలో పడితే ఇక చూడక్కర్లేదు అనేవాళ్ళు. ఇవాళ వీపు మీద ఆ చూపు కాలుతోంది. సోమవారం నాటికంటే రెట్టింపు సమయం పట్టింది. కిందికి దించాక ఆఖరి తిప్పు తిప్పి, డిక్కీ మీద చేతులు వేసి తను తొయ్యబోయి ఆగి, పక్కకి జరిగింది. టైలరమ్మే తోసింది. కారు దిగింది, లేచింది, ఆగింది.

"ఇప్పుడు నా పాతవి," అంది టైలరమ్మ.

స్ప్రింగక్క పందిరి కిందికి వెళ్ళి తీగ మీంచి ఆ రెండింటినీ తెంపుకొచ్చింది. ఆ పొద్దున్నే మళ్ళీ పూసిన నల్లరంగు ఇంకా ఆరక అరచేతులకి అంటుకుంది. టైలరమ్మ చూసి మొహం తిప్పుకుంది. బాబాయి మొదటిసారి గొంతు పెంచాడు. "అవి లోపల పెట్టు! పిచ్చెక్కిందా?"

ఆమె ఒకదాన్ని వైసులో పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, గ్రైండరు ఆన్ చేసింది. నిప్పురవ్వలు లేచాయి. మెరిసే రాడ్డు రెండు ముక్కలైంది. ఇక దాన్ని ఏ వెల్డింగూ, ఏ గేరాయిలూ బతికించలేవు. రెండోది. తర్వాత ఇవాళ టైలరమ్మ బండిలోంచి తీసినవి. కోసిన చోటినుంచి చిక్కటి ఆయిలు నేలమీదికి కారి, ఆ కంపు షెడ్డంతా నిండింది.

"సోమవారం నుంచి రానక్కర్లేదు," అన్నాడు బాబాయి.

"సరే. ఇవయ్యాక వెళ్తాను."

రంగులవాడు పందిరి కిందికి వెళ్ళి, మిగిలిన పన్నెండింటినీ రెండు విడతలుగా తెచ్చి బల్ల పక్కన పడేశాడు. వైసు బిగించడం, విప్పడం కూడా వాడే చేశాడు. ఆఖరిది కోసేసరికి ఆయిలు పాకుతూ పాకుతూ బాబాయి చెప్పుల దాకా వచ్చింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

స్ప్రింగక్క సెంటర్ పంచ్‌ని ఆ చల్లారిన టీ పక్కన పెట్టింది. చేతులు కడుక్కుంది. పోలేదు.

బయట కారు ఇంకా వెళ్ళలేదు. వెనక తలుపు తీసి ఉంది. "అమ్మాయ్," అన్నాడు డ్రైవరు, ఒక దిండు ఒళ్ళోకి తీసుకుంటూ, "పనిచేసినవాళ్ళు ఎప్పుడూ ముందు సీట్లో కూర్చునే టెస్టు చేస్తారు. ఇక్కడ కూర్చుని చూడు."

ఆమె టైలరమ్మ వైపు చూసింది. ఆవిడ రమ్మనలేదు, వద్దనలేదు. ఇంజను మాత్రం ఆపలేదు. స్ప్రింగక్క ఆయన పక్కన, సీటు అంచున, చేతులు దేనికీ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సందు చివర మలుపు తిరగ్గానే ఆ గతుకు కనపడింది. అద్దంలోంచి టైలరమ్మ కళ్ళు ఒకసారి వెనక్కి చూశాయి, భర్తని కాదు, ఆమెని. స్ప్రింగక్క పళ్ళు బిగించింది, నడుము బిగించింది, పిడికిళ్ళు బిగించింది. చక్రం దిగింది. కారు మెత్తగా కుంగి, లేచి, గమ్మున ముందుకెళ్ళింది. ఆమె బిగుసుకుని అలాగే ఉంది.

పక్కనుంచి ఆయన ఆమె మోచేతి మీద మెల్లగా తట్టాడు.

"ఊపిరి వదులు తల్లీ. దాటేశాం."